చలనచిత్రోత్సవాల తూకం: ఇరాన్ చిత్రాల ఉదాహరణ

కిరాణా కొట్ల మీద 'నేడు నగదు - రేపు అరువు' అన్న బోర్డు చూడనివారు మనలో అరుదు. ఆ 'నగదు' అరబీ 'నఖ్ద్' నుంచి తెలుగు లెక్కల పుస్తకాల్లోకి వచ్చిన మాట. అరబీలో దానికి చేతిలో ఉన్న సొమ్ము అన్న అర్థం ఒక్కటే లేదు. నాణెం మంచిదో చెడ్డదో పరీక్షించి తేల్చడాన్ని కూడా నఖ్ద్ అనే అంటారు. 10వ శతాబ్దంలో ఖుదామా ఇబ్న్ జాఫర్ కవిత్వ పరీక్షను గురించి రాసిన గ్రంథానికి 'నఖ్దుష్షిఅర్' అని పేరు పెట్టాడు. ఉర్దూలో విమర్శను 'తన్ఖీద్' అనీ, విమర్శకుణ్ణి 'నఖ్ఖాద్' అనీ అంటున్నది అందువల్లనే. హదీసు విద్వాంసులు ఈ పరీక్షను ఎంత దూరం తీసుకువెళ్ళారో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. ఉల్లేఖకుడు ఎవరు, ఎక్కడివాడు, ఎవరి వద్ద విన్నాడు, అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది అన్నవి తెలియకుండా అతని మాటకు విలువ కట్టేవారు కారు.

ఇక్కడ మన ప్రసక్తి హదీసు కాదు, సినిమా. ఒక ముస్లిం సమాజంలో తీసిన చిత్రం ఆ భాష రాని న్యాయనిర్ణేతల ముందుకు వెళ్ళినప్పుడు జరిగే నఖ్ద్ ఎలాంటిది? ఇరాన్ చిత్రాలను ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నను పరిశీలించవచ్చునని నా అభిప్రాయం. అనువాదం నా వృత్తి. మద్రసాలో 'గులిస్తాన్' చదువుకున్న పుణ్యాన ఫారసీతో కొంత పరిచయం ఉంది. ఆ పరిమితిలోనే ఈ నాలుగు మాటలు.

ఈ ఉత్సవాల్లో మొదటిది వెనిస్. అది 1932లో ప్రారంభమైంది. కాన్ ఉత్సవం 1939లోనే జరగవలసి ఉండగా యుద్ధం అడ్డుపడి 1946లో మొదలైంది. బెర్లిన్ 1951లో వచ్చింది. మన హైదరాబాదు కూడా 1986లో ఫిల్మోత్సవ్‌కు ఆతిథ్యమిచ్చింది. పద్ధతి అన్నిచోట్లా దాదాపు ఒకటే. ఎంపిక సంఘం వచ్చిన చిత్రాలను వడపోస్తుంది, జ్యూరీ బహుమతులు నిర్ణయిస్తుంది, విమర్శకులు అదే రాత్రి కూర్చుని మర్నాటి పత్రికలకు రాస్తారు. పక్కనే బజారు కూడా నడుస్తుంది. కాన్‌లో ఆ బజారు 1959లో ఏర్పడింది. ఏ చిత్రం ఏ దేశపు థియేటర్లకు చేరుతుందన్నది చాలావరకు అక్కడి బేరాల్లోనే తేలుతుంది. వీటికి తోడు ఫిప్రెసీ అనే అంతర్జాతీయ విమర్శకుల సమాఖ్య ఉంది. 1930లో స్థాపించబడిన ఈ సమాఖ్య తన సొంత జ్యూరీలతో ఉత్సవాల్లో విడిగా బహుమతులిస్తుంది.

ఇరాన్ చిత్రాలకు ఈ ద్వారం తెరిచినవారిలో విమర్శకులున్నారు. దారియూష్ మెహర్‌జూయీ 1969లో తీసిన 'గావ్' (ఆవు) చిత్రానికి షా ప్రభుత్వం అడ్డంకులు కల్పించింది. దాన్ని రహస్యంగా దేశం దాటించి 1971లో వెనిస్ చేర్చారు. ఆ సంవత్సరాల్లో వెనిస్‌లో పోటీ బహుమతులే లేవు. అయినా విమర్శకుల సమాఖ్య 'గావ్'కు తన బహుమతినిచ్చింది. ఆ ప్రదర్శనలో తెరమీద అనువాద వాక్యాలు కూడా లేవని చెబుతారు. ఊళ్ళో ఉన్న ఒక్క ఆవూ చనిపోతే దాని యజమాని మతి చలించి తానే ఆవునని నమ్మడం మొదలుపెడతాడు. ఆ నటుడి కళ్ళు చూసినవారికి అనువాదం అవసరం లేకపోయి ఉండవచ్చు. విప్లవం తరువాత 1983లో ఏర్పడ్డ ఫారాబీ సినిమా సంస్థ, చిత్రాలను విదేశీ ఉత్సవాలకు పంపే పనిని ప్రభుత్వం తరఫునే చేపట్టింది. అంటే ఒకనాడు దొంగచాటుగా జరిగిన పని తరువాత అధికారికంగా జరిగింది. ఆ తరువాత కొందరి విషయంలో మళ్ళీ దొంగచాటుకే వచ్చింది.

కళ్ళు చెప్పగలిగినది కళ్ళు చెబుతాయి, సరే. మాటల సంగతి ఏమిటి? ముందుగా పేర్లే చూద్దాం. మజీద్ మజీదీ 1999 నాటి చిత్రం పేరు 'రంగె ఖుదా', అంటే దేవుని రంగు. చూపులేని ఒక పిల్లవాడు చేతివేళ్ళతో ప్రపంచాన్ని తడుముతూ దేవుణ్ణి వెతుక్కునే కథ అది. ఆ పేరు వినగానే మన పాఠకుడికి బఖరా సూరాలోని 'సిబ్గతుల్లాహ్' అన్న పదం గుర్తుకు రాకమానదు. ఇంగ్లీషులో ఆ చిత్రం 'ది కలర్ ఆఫ్ పారడైజ్' అయింది. దేవుడు పోయి స్వర్గం మిగిలింది. మహమ్మద్ రసూలోఫ్‌కు 2020లో బెర్లిన్ స్వర్ణ భల్లూకం తెచ్చిన చిత్రం పేరు 'షైతాన్ వుజూద్ నదారద్', అంటే షైతాను లేడు. ఇంగ్లీషులో అది 'దేర్ ఈజ్ నో ఈవిల్'. ఉరిశిక్షలు అమలుచేసే చేతుల గురించిన చిత్రమది. తప్పంతా షైతాను మీదకు నెట్టి తప్పుకోవడానికి వీలు లేదన్న ఎత్తిపొడుపు ఆ ఫారసీ పేరులో నాకు వినిపిస్తుంది. 'చెడు లేదు' అంటే ఆ ఎత్తిపొడుపు ఎక్కడిది? ఒక పేరులో దేవుడు, ఇంకొక పేరులో షైతాను, ఇద్దరూ సరిహద్దు దగ్గరే ఆగిపోయారు. ఇందులో కుట్ర ఉందని నేననడం లేదు. అమ్మేవాడు కొనేవాడికి అలవాటైన మాటను ఎంచుకున్నాడు, అంతే. కాని విమర్శకుడు తన పరీక్షను మొదలుపెట్టేది ఆ మార్చిన పేరుతోనే.

మనకూ ఇలాంటి పొరపాటే జరగవచ్చు. 2024లో కాన్‌లో ప్రత్యేక బహుమతి పొందిన రసూలోఫ్ చిత్రం పేరును ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తే 'పవిత్రమైన అంజూరపు విత్తనం' అవుతుంది. అది చదివి నేను వెంటనే 'అత్తీన్' సూరా వైపు వెళ్ళాను. తీరా ఫారసీ పేరు చూస్తే 'అంజీరె మఆబిద్' అని ఉంది. అది మన రావిచెట్టు! మరొక చెట్టు మీద పడి మొలిచి, వేళ్ళు దించి, ఆ చెట్టునే బిగించి చంపే రావి. ఇది కోస్తాలోగాని తెలంగాణలోగాని ఏ రైతుకైనా తెలిసిన సంగతి.

ఇక అబ్బాస్ కియారుస్తమీ 'తఅమె గీలాస్' (చెర్రీ పండు రుచి) దగ్గరకు వద్దాం. 1997లో కాన్ 50వ ఉత్సవంలో ఈ చిత్రం జపాను దర్శకుడు ఇమామురా చిత్రంతో కలిసి స్వర్ణ తాళపత్రాన్ని పంచుకుంది. అనుమతి ఆలస్యమై చివరి క్షణంలో చేరిన చిత్రమది. బహుమతి అందించిన ఫ్రెంచి నటి దర్శకుని చెంపను ముద్దాడింది. స్వదేశంలో కొందరికి చిత్రం కంటే ఆ ముద్దే పెద్ద వార్త అయింది. మన పత్రికలు ఇంతకంటే మెరుగ్గా రాసి ఉండేవని నేను పందెం కాయలేను.

కథ చాలా చిన్నది. బదీయీ అనే మధ్యవయస్కుడు ఆత్మహత్య చేసుకోదలచి, టెహ్రాన్ శివారు గుట్టల్లో ఒక గొయ్యి సిద్ధం చేసుకుంటాడు. కారులో తిరుగుతూ, తెల్లవారి వచ్చి తనను పేరుపెట్టి పిలిచి, పలకకపోతే 20 పారల మట్టి వెయ్యగలవాడి కోసం వెతుకుతాడు. ఒక కుర్ద్ సైనికుడు భయపడి పారిపోతాడు. ఒక అఫ్గాన్ మద్రసా విద్యార్థి నిరాకరిస్తాడు. ఒక అజరీ వృద్ధుడు, తానూ ఒకప్పుడు ఉరిపోసుకోబోయి చెట్టుమీది పండ్ల రుచికి ఆగిపోయినవాడు, జబ్బుపడిన బిడ్డ వైద్యం కోసం ఆ డబ్బుకు ఒప్పుకుంటాడు. (ఆ వృద్ధుడు తిన్నవి 'తూత్', అంటే మల్బరీ పండ్లు. చెర్రీ ప్రస్తావన వేరే చోట వస్తుంది.)

అమెరికాలోని షికాగో నగరంలో ఇద్దరు ప్రసిద్ధ విమర్శకులు ఈ చిత్రాన్ని చూశారు. 'సన్ టైమ్స్'లో రాసే రోజర్ ఈబర్ట్‌కు అది భరించరాని విసుగు కలిగించింది. ఆయన ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చాడు. 'షికాగో రీడర్'లో రాసే జొనాథన్ రోజెన్‌బామ్ మాత్రం గొప్ప కృతిగా ఎంచాడు. కియారుస్తమీ మీద మెహ్రనాజ్ సయీద్ వఫా అనే ఇరానీ విదుషితో కలిసి 2003లో ఒక పుస్తకమే వెలువరించాడు. ఇద్దరూ నిజాయితీపరులే. భేదం ఎక్కడ వచ్చింది? నిదానమైన చిత్రాన్ని ఓర్చుకోవడంలో వచ్చిందని సాధారణంగా చెబుతారు. నాకు మరొక సంగతి తోస్తుంది. ఒంటరి మనిషి చావుకోరిక అన్న దృష్టితో చూసేవారికి ఈ వ్యక్తి ఎవరో, కష్టమేమిటో చెప్పనందుకు కోపం వస్తుంది. మన దృష్టి అక్కడ ఉండదు. మన దగ్గర మరణించినవాణ్ణి మట్టి చేయడం ఫర్జె కిఫాయా, అంటే కొందరు చేస్తే అందరి మీదనుంచీ దిగిపోయే, ఎవరూ చేయకపోతే అందరినీ దోషుల్ని చేసే బాధ్యత. అపరిచితుడి జనాజా వెళుతున్నా నాలుగడుగులు భుజం పట్టే అలవాటు మనది. అలాంటి సమాజంలో ఒక మనిషి తన మీద మట్టి వేసేవాడికోసం డబ్బు చేతబట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు! అతని కష్టం పేరు చెప్పకపోయినా ఆ దృశ్యమే మనల్ని కుదిపివేస్తుంది.

మద్రసా విద్యార్థి ఘట్టం నన్ను మరింత బాధించింది. అతను తనకు తెలిసినదంతా చెబుతాడు: ఇది నిషిద్ధమనీ, ఈ దేహం దేవుడు మనకు అప్పగించినదనీ. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. బదీయీ అతన్ని అడ్డుకుంటాడు. ఉపదేశమే కావాలంటే చదువు పూర్తిచేసుకున్న పెద్దవారి దగ్గరకే వెళ్ళేవాణ్ణి, నాకు కావలసింది నీ చేతులు అన్న ధోరణిలో మాట్లాడతాడు. నేను చదివిన అనేక సమీక్షల్లో ఈ విద్యార్థి 'మతం తరఫు వాదన'గా ఒక వాక్యంలో ముగిసిపోయాడు. కాని చూడండి, అతను పొరుగుదేశం నుంచి వచ్చి, సెలవుల్లో కూలిచేసి చదువుకుంటున్న పేద కుర్రవాడు. ఆ డబ్బు అతనికి చాలా ఎక్కువ. అయినా ఒప్పుకోడు, అలాగని ఎదుటివాణ్ణి కాపాడనూ లేడు. సరైన మాట తెలిసి కూడా చాలకపోవడం మద్రసాలో చదివిన ప్రతివాడికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే అనుభవమే. నాకు ఎదురైంది.

అస్గర్ ఫర్హాదీ 2011 చిత్రం 'జుదాయియె నాదిర్ అజ్ సీమీన్' (సీమీన్ నుంచి నాదిర్ ఎడబాటు) గురించి కొంచెం చెప్పాలి. నాదిర్ ముసలి తండ్రి మతిమరపు రోగి. ఆయన్ని చూసుకోవడానికి వచ్చిన రజియా గర్భిణి. ఆ వృద్ధుడు బట్టలు తడుపుకుంటే మార్చడం పాపమా కాదా అని ఫోనులో ధర్మసందేహం అడిగి తెలుసుకునేటంత భక్తురాలు. నాదిర్ తోయడంవల్ల గర్భస్రావమైందని కేసు. చివరకు సొమ్ము ఇచ్చి రాజీ చేసుకునే సమయంలో నాదిర్ ఒక్కటే కోరతాడు: నా వల్లనే జరిగిందని ఖుర్ఆన్ మీద ప్రమాణం చెయ్యి. అంతకుముందు రోజే ఆమెను ఒక కారు ఢీకొంది. ఆమెకు సందేహం ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఇంట్లో ఈ చిత్రం చూస్తున్నాను. మా అమ్మీకి ఇంగ్లీషు రాదు, ఫారసీ రాదు. తస్బీహ్ తిప్పుకుంటూ పక్కన కూర్చుంది. 'ఖసమ్', 'గునాహ్', 'షక్' అన్న మాటలు చెవిన పడుతున్నాయి. గ్రంథం తీసుకురమ్మన్నప్పుడు తస్బీహ్ ఆపి, "వో నై ఖాతీ ఖసమ్" అంది. ఆ పిల్ల ప్రమాణం చెయ్యదు అని. తెర మీద రజియా ఇంకా వంటగదిలోనే ఉంది. భర్త ఎంత బతిమాలినా ఆమె చెయ్యలేదు. అనుమానపు సొమ్ము ఇంట్లోకి వస్తే తన బిడ్డకు కీడు జరుగుతుందని ఆమె భయం. చాలామంది సమీక్షకులు ఈ చిత్రాన్ని విడాకుల కథగా, వర్గభేదాల కథగా, న్యాయస్థానపు కథగా వివరించారు. అవన్నీ ఉన్నాయి. కాని కథ మలుపు తిరిగే ఇరుసు ఒక పేదరాలి నోరు దాటని ప్రమాణం. దాని బరువు మా అమ్మీకి అనువాదం లేకుండానే తెలిసింది.

అయితే మన వైపు లోపాలను దాచుకోవడం న్యాయం కాదు. ఈ చిత్రాలు విదేశీయుల మెప్పుకోసం స్వదేశాన్ని నల్లగా చూపుతున్నాయన్న ఆరోపణ ఇరాన్‌లో బలంగా ఉంది. దానికి 'సియాహ్‌నుమాయీ' అన్న పేరే స్థిరపడింది. ఆ అనుమానానికి ఆధారమే లేదనలేం. 2010లో జాఫర్ పనాహీకి ఆరేళ్ళ జైలుశిక్షా, చిత్రాలు తీయకుండా 20 ఏళ్ళ నిషేధమూ విధించారు. 2011 బెర్లిన్ జ్యూరీలో ఆయన కుర్చీని ఖాళీగా ఉంచారు. ఫర్హాదీ చిత్రానికి స్వర్ణ భల్లూకం ఇచ్చింది ఆ జ్యూరీయే. బహుమతి చిత్రానికా, ఖాళీ కుర్చీకా అని అడిగేవారు అడుగుతారు. ఆ చిత్రానికి ఏ ఖాళీ కుర్చీ సాయమూ అక్కరలేదని నా అభిప్రాయం. పనాహీ నిషేధంలోనే చిత్రాలు తీస్తూ వచ్చాడు; 2000లో వెనిస్, 2015లో బెర్లిన్ అగ్ర బహుమతులు పొందినవాడు 2025లో కాన్ స్వర్ణ తాళపత్రం కూడా అందుకున్నాడు. వాళ్ళు మెచ్చారు కాబట్టి అబద్ధమనడం, వాళ్ళు మెచ్చారు కాబట్టి గొప్పదనడం, రెండూ నాణేన్ని చేతిలోకి తీసుకోకుండా ధర చెప్పడమే. మన సభల్లో ఈ రెండు రకాల మాటలూ విన్నాను. చిత్రం చూశారా అని అడిగితే చూశామన్నవారు తక్కువ.

ఈ మధ్య కొందరు మిత్రులు 'తఅమె గీలాస్'లోని విద్యార్థి ఘట్టానికి తెలుగు వాక్యాలు రాసిమ్మన్నారు. దేహం దేవుడు అప్పగించినది అన్నచోట 'అమానతు' అని రాశాను. ముస్లిమేతరులకు అర్థం కాదేమోనని ఒకరు సందేహించారు. తెలుగు లెక్కల్లోని 'అనామతు' ఈ అమానతే కదా అని, దాన్నే పెట్టాను. మాలో ఒక అకౌంటెంటు ఉన్నాడు. అతను నవ్వి, ఇవాళ ఆఫీసుల్లో అనామతు పద్దు అంటే ఎవరిదో, దేనికిందికి వస్తుందో తేలని సొమ్ము అన్నాడు. ఆ విద్యార్థి చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకం. సొంతదారు ఎవరో అతనికి బాగా తెలుసు. కొట్టివేసి, మళ్ళీ 'అమానతు' అనే రాశాను.