చెక్క పలక నుంచి లోహపు అక్షరం దాకా

తాంగ్ వంశం (618–907) ఏలిన కాలంలో చైనాలో చెక్క మీద అక్షరాలు చెక్కి, కాగితం మీద అచ్చు వేసే విద్య పుట్టింది. అందుకు కావలసిన కాగితం, సిరా అక్కడ అప్పటికే శతాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. చైనా లిపి, బౌద్ధం అంతకుముందే చేరిన కొరియా, జపాన్, వియత్నాంలకు ఈ విద్య కూడా వాటి దారినే వెళ్లింది. అయితే పొరుగువారు దాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకుని ఊరుకోలేదు. ఎవరి అవసరానికి తగ్గట్టు వారు మార్చుకున్నారు. కొన్ని చోట్ల గురువును మించారు కూడా.

పని తీరు సులువుగానే కనిపిస్తుంది. లేఖకుడు పల్చటి కాగితం మీద పుట మొత్తం రాస్తాడు. రాత ఉన్న వైపు కిందికి వచ్చేలా దాన్ని చెక్క పలకకు అంటిస్తే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. గీతల చుట్టూ ఉన్న చెక్కను తొలిచేస్తే అక్షరాలు ఉబ్బెత్తుగా మిగులుతాయి. వాటిపై సిరా పూసి, కాగితం పరిచి, పొడి కుంచెతో నిమిరితే పుట సిద్ధం. యంత్రంతో పని లేదు. వేల చిహ్నాలున్న చైనా లిపికి ఇంతకంటే అనువైన పద్ధతి అప్పట్లో లేదు.

ఈ విద్యను దేశాలు దాటించినది ప్రధానంగా బౌద్ధమే. పవిత్ర వాక్యాన్ని ఎన్నిసార్లు రాయిస్తే అంత పుణ్యమన్న నమ్మకం అచ్చుకు సహజంగానే కలిసివచ్చింది. జపాన్‌లో షోతోకు మహారాణి 764–770 మధ్య పది లక్షల బుల్లి చెక్క స్తూపాలు చేయించి, వాటిలో అచ్చు వేసిన ధారణీ మంత్రాలను పెట్టించింది. కొరియాలోని బుల్గుక్సా ఆలయ స్తూపంలో 1966లో దొరికిన ధారణీ చుట్ట 751కి ముందుదని పండితుల అంచనా. తేదీ స్పష్టంగా ఉన్న అచ్చు గ్రంథాల్లో పేరెన్నికగన్నది మాత్రం చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన వజ్రచ్ఛేదిక సూత్రం. దాని చివర ఉన్న తేదీ 868 నాటిది. కుమారజీవుడు సంస్కృతం నుంచి చైనా భాషలోకి అనువదించిన పాఠమది.

సోంగ్ వంశం రాగానే పని స్థాయే మారిపోయింది. 971లో చెంగ్డూలో మొదలైన బౌద్ధ త్రిపిటక ముద్రణ 983 నాటికి పూర్తయింది. దానికి సుమారు 1,30,000 పలకలు పట్టాయి. ప్రతులు పొరుగు రాజ్యాలకు కానుకలుగా వెళ్లాయి. కొరియాను ఏలుతున్న గొర్యో రాజులు దాని ఆధారంగా సొంత త్రిపిటకాన్ని చెక్కించారు. 1232లో మంగోలుల దాడిలో ఆ పలకలన్నీ కాలిపోయాయి. యుద్ధం ఇంకా నడుస్తుండగానే కొరియావాసులు మళ్లీ పనికి పూనుకుని 1251 నాటికి పూర్తిచేశారు. బుద్ధుడి రక్షణ కోరి తలపెట్టిన ఆ పని ఒక జాతి పట్టుదలకు గొప్ప సాక్ష్యం.

ఆ రెండో త్రిపిటకం పలకలు 81,258. నేటికీ హేయిన్సా ఆలయంలో భద్రంగా ఉన్నాయి. ఒక్కో పలక వెడల్పు దాదాపు 70 సెంటీమీటర్లు, బరువు సుమారు మూడు కిలోలు. రెండు వైపులా అక్షరాలే. సాధారణంగా ఒక్కో వైపు 23 వరుసలు, వరుసకు 14 అక్షరాలు. చెక్క వంకర పోకుండా చివర్లకు పట్టీలు బిగించి, పురుగు పట్టకుండా లక్క పూత పూశారు. పలకలున్న భవనానికి ముందూ వెనకా కిటికీలు వేర్వేరు కొలతల్లో ఉంటాయి. గాలి లోపలంతా తిరిగి బయటికి పోవడానికే ఈ ఏర్పాటు. ఆంధ్ర దేశాన్నీ ధాన్యకటకాన్నీ వర్ణించిన హ్యూయన్‌త్సాంగ్ యాత్రా గ్రంథం కూడా ఈ పలకల్లో ఉంది.

పలకతో చిక్కు ఒకటుంది: ఒక పుట కోసం చెక్కినది మరో పుటకు పనికిరాదు. 1040లలో బీ షెంగ్ అనే పనివాడు మట్టితో విడివిడి అక్షరాలు చేసి కాల్చాడు. ఇనుప పళ్లెంలో పైన్ బంక, మైనం, కాగితపు బూడిద కలిపి పరిచి, దానిపై అక్షరాలు పేర్చి వేడి చేసేవాడు. మిశ్రమం గట్టిపడితే అచ్చు వేయడం, మళ్లీ వేడి చేసి అక్షరాలు ఊడదీయడం. ఈ వివరాలు సోంగ్ కాలపు పండితుడు షెన్ క్వో రచన వల్ల తెలిశాయి. చైనాకు వాయవ్యాన ఉన్న తాంగుత్ ప్రజలు 1036లో సొంత లిపి కల్పించుకున్నవారు. వారి గ్రంథాల్లో విడి అక్షరాలతో అచ్చయినవి దొరికాయి.

లోహాన్ని ఎంచుకుని విజయం సాధించినది కొరియా. 1377లో చోంగ్జు దగ్గర హుంగ్‌డోక్సా ఆలయంలో అచ్చయిన ‘జిక్జి’ నేడు మిగిలిన లోహాక్షర గ్రంథాల్లో అతి పాతది. జర్మనీలో గుటెన్‌బర్గ్ బైబిల్ రావడానికి అప్పటికి ఇంకా ఏడు దశాబ్దాలకు పైగా సమయముంది. 1443లో సెజోంగ్ రాజు 28 అక్షరాలతో కొరియన్ లిపిని రూపొందించి 1446లో ప్రకటించాడు. అయినా పండితుల చదువు చైనా లిపిలోనే సాగింది. వియత్నాంలోనూ అంతే. 1075లో మొదలైన అక్కడి రాజోద్యోగ పరీక్షలు 1919 దాకా నడిచాయి. సొంత భాష రాసుకోవడానికి మాత్రం చైనా చిహ్నాలను మలిచి ‘నోమ్’ లిపిని చేసుకున్నారు.

జపాన్ దారి వేరు. 1592లో కొరియా మీద దండెత్తిన జపాన్ సైన్యం అక్కడి అచ్చు అక్షరాలను, సామగ్రిని పట్టుకొచ్చింది. కొన్ని దశాబ్దాలు విడి అక్షరాల అచ్చు సాగింది కానీ, కలిపి రాసే కనా లిపికి అది సరిగా ఒదగలేదు. చెక్కిన పలకను దాచుకుంటే గిరాకీ వచ్చినప్పుడల్లా మళ్లీ అచ్చు వేసుకోవచ్చు. 17వ శతాబ్దం మధ్యకల్లా అక్కడి ప్రచురణకర్తలు చాలావరకు చెక్క పలకకే తిరిగి వెళ్లారు.