అడవిపంది ముక్కుకు తెలిసిన సంగతి

వికారాబాద్ పేరు చెప్పగానే మన ఫోన్లలో కనిపించేవి అనంతగిరి గుట్టలు, పొగమంచు, కోట్‌పల్లి నీళ్లలో కయాక్‌లు. తాండూరు అంటే నాపరాళ్లు, 2022లో జీఐ గుర్తింపు దక్కిన కందులు. అయితే మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో ఇక్కడ ఏ చేను గట్టు మీద కూర్చున్నా వినిపించే ముచ్చట వేరే ఉంటుంది. "రాత్రి పందులు పడ్డయ్!"

ఆ ఒక్క మాట వెనక ఒక కుటుంబం నెలల తరబడి పడ్డ కష్టం ఉంటుంది. అడవిపందుల గుంపు చేలో దిగిందంటే తినేదానికన్నా తొక్కి, విరిచి, పెళ్లగించి పాడుచేసేదే ఎక్కువ. పల్లి చేనైతే దున్నినట్టే అయిపోతుంది.

దీనికి కొందరు పట్టుకున్న అడ్డదారి కరెంటు తీగ. చేను చుట్టూ ఇనుప తీగ కట్టి, స్తంభం నుంచి నేరుగా కరెంటు వదులుతారు. ఆ తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో తెలియదు. తెల్లారకముందే మోటార్ వెయ్యడానికి వచ్చిన పక్క పొలం రైతు, మేతకు పోయిన ఎడ్లు, ఒక్కోసారి తీగ కట్టినాయనే... ఇలాంటి వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

ఆఫ్రికా సింహాల వీడియోలు గంటలకొద్దీ చూసే మనకు, మన చేలోకి వచ్చే జంతువు గురించి ఎంత తెలుసు? ఈ ప్రశ్నతోనే వెతకడం మొదలుపెట్టాను. విచిత్రమేమిటంటే, కొన్ని జవాబులు దక్షిణాఫ్రికా అడవుల్లో దొరికాయి!

రాత్రి డ్యూటీ ఎందుకు?

ఆడపందులు, పిల్లలు కలిసి గుంపుగా తిరుగుతాయి. పెద్దయిన మగపంది ఎక్కువగా ఒంటరి. దాదాపు నాలుగు నెలలు మోసి, ఒక్కో ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలను కంటుంది. తిండి బాగా దొరికితే సంతానమూ పెరుగుతుంది. గడ్డలు, వేర్లు, రాలిన పండ్లు, పురుగులు, చచ్చిన జంతువులు... అది తిననిది తక్కువ.

చూపు అంతంతమాత్రం. వినికిడి బాగుంటుంది. వాసన మాత్రం అమోఘం. మట్టి కింద ఉన్న గడ్డను కూడా ముక్కుతోనే పసిగడుతుంది. మనుషుల గొడవ లేని చోట ఇది పగలు కూడా తిరుగుతుంది. మనం ఉన్న చోట రాత్రికి మారిపోతుంది. అంటే దాని టైంటేబుల్ రాసింది మనమే.

పుంబా, దాని చుట్టం

'లయన్ కింగ్' సినిమాలో పుంబా గుర్తుందా? అది వార్ట్‌హాగ్. దక్షిణాఫ్రికా గడ్డిమైదానాల్లో ఉండే అడవిపంది జాతి. ముందు మోకాళ్ల మీద వంగి గడ్డి మేస్తుంది. పగలు తిరిగి, రాత్రి బొరియలో పడుకుంటుంది. బొరియలోకి వెనక్కి వెనక్కి దూరుతుంది, దంతాలు బయటివైపు ఉండేలా. సింహం, చిరుత, హైనా ఉన్న చోట బతకాలంటే ఆ మాత్రం జాగ్రత్త తప్పదు.

అక్కడే బుష్‌పిగ్ అని ఇంకోటి ఉంది. అది అచ్చం మన దానిలాగే రాత్రిపూట పొదల్లోంచి వచ్చి మక్క, చెరకు తోటల మీద పడుతుంది. అక్కడి రైతుకూ నిద్ర ఉండదు!

సింహం కన్నా మన గొంతే భయం

2023లో దక్షిణాఫ్రికా క్రూగర్ ప్రాంతం నుంచి ఒక పరిశోధన వచ్చింది. శాస్త్రవేత్తలు నీటిగుంటల దగ్గర కెమెరాలు, స్పీకర్లు పెట్టారు. ఒకసారి సింహాల శబ్దం, ఒకసారి మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాటలు, ఇంకోసారి కుక్కల అరుపులు, తుపాకీ శబ్దాలు వినిపించారు. 19 రకాల జంతువుల్లో దాదాపు 95 శాతం జాతులు సింహం కన్నా మనిషి గొంతుకే ఎక్కువగా పారిపోయాయి. నీళ్లు వదిలేసి పోవడం కూడా దాదాపు 40 శాతం తొందరగా జరిగింది. ఏనుగు, ఖడ్గమృగం కూడా అంతే!

ఇది చదవగానే యాలాల వైపు చేను ఉన్న మా పెద్దనాయిన గుర్తొచ్చాడు. ఆయన మంచె మీద చిన్న మైకు కట్టాడు. రాత్రంతా "హే... హోయ్..." అని రికార్డు చేసిన కేక తిరుగుతూనే ఉంటుంది.

"పనిచేస్తుందా పెద్దనాయిన?" అని అడిగితే నవ్వాడు.

"మొదటి వారం రాలె బిడ్డా. తర్వాత ఆ మైకు కిందనే తిన్నయ్."

క్రూగర్‌లో పనిచేసింది ఇక్కడ ఎందుకు ఫెయిలైంది? ఆ పరిశోధనలో జంతువుకు గొంతు అప్పుడప్పుడే వినిపించింది. ఇక్కడ ఒకే కేక, ఒకే చోట నుంచి, రాత్రంతా. కేక వెనక మనిషి లేడని పందికి నాలుగు రోజుల్లో అర్థమవుతుంది. భయం శబ్దంలో లేదు, ఆ శబ్దం తర్వాత ఏం జరుగుతుందో అన్న అనుమానంలో ఉంది.

ఆవు వెనక రెండు కళ్లు

బోట్స్‌వానాలో సింహాలు పశువులను చంపుతున్నాయని రైతులు వాటికి విషం పెట్టడం, కాల్చడం జరుగుతుండేది. సింహం ఎప్పుడూ దొంగచాటుగా వచ్చి మీద పడుతుంది. చూశారని తెలిస్తే వెనక్కి తగ్గుతుంది. ఈ ఒక్క గుణం పట్టుకుని, ఒకవాంగో డెల్టా దగ్గర పరిశోధకులు పశువుల వెనక భాగం మీద పెద్ద పెద్ద కళ్లు గీశారు.

నాలుగేళ్లు, 14 మందలు, 2,061 పశువులు. 2020లో ఫలితం బయటికొచ్చింది. కళ్లు గీసిన 683 పశువుల్లో ఒక్కటీ పోలేదు. ఏమీ గీయని 835లో 15 చనిపోయాయి. ఖర్చు రంగు డబ్బా, బ్రష్షు. జంతువు లోకాన్ని ఎలా చూస్తుందో తెలిస్తే తుపాకీ అక్కర్లేకుండా పని జరిగింది.

మరి మన పందికి?

సింహానికి కళ్లు, పందికి ముక్కు. ఈ పని మన పక్కనే జరిగింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకు నష్టం చేసే జంతువులు, పక్షుల మీద పరిశోధించే అఖిల భారత ప్రాజెక్టు ఉంది. వాళ్లు చెప్పే పద్ధతుల్లో చాలావరకు పంది ముక్కును తికమక పెట్టేవే.

మక్క చేను చుట్టూ ఆముదం వరుసలు దగ్గర దగ్గరగా వేస్తే, ఆముదం వాసనలో మక్క వాసన కలిసిపోతుంది. పల్లి చుట్టూ కుసుమ వేస్తే వాసనకు వాసన, ముళ్లకు ముళ్లు. తాండూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం కందితో పాటు కుసుమ మీద కూడా పనిచేస్తుంది కాబట్టి ఈ పంట ఇక్కడివాళ్లకు కొత్త కాదు. పైగా కుసుమలు, ఆముదాలు అమ్ముకోవచ్చు.

ఇంకొన్ని చిట్కాలు: ఊరపంది పేడ నీళ్లలో కలిపి గట్ల మీద చల్లితే, ఇది వేరే గుంపు ఇలాకా అనుకుని అడవిపంది పక్కకు పోతుంది. క్షౌరశాల నుంచి తెచ్చిన వెంట్రుకలు గట్టు పొడవునా వేస్తే, నేల వాసన చూస్తూ నడిచే పంది ముక్కులోకి అవి పోయి చిరాకు పెడతాయి. చేను చుట్టూ కందకం తవ్వినా ఫలితం ఉంటుంది. అయితే ఏదీ సీజనంతా ఒక్కటే వాడకూడదు. మైకు నేర్పిన పాఠం అదే కదా! మారుస్తూ ఉండాలి. ఊళ్లో ఒక్కరే చేస్తే పందులు పక్క చేలో పడతాయి, అందుకే నలుగురూ కలిసి చెయ్యాలి.

స్తోమత ఉంటే సోలార్ ఫెన్సింగ్. అది క్షణంలో వచ్చిపోయే షాక్ ఇస్తుంది. అది బెదిరిస్తుంది కానీ చంపదు. నేరుగా కరెంటు ఇచ్చిన తీగ మాత్రం చంపుతుంది, కేసూ అవుతుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని చంపడం నేరం. పంట నష్టం మరీ ఎక్కువైతే అటవీ అధికారుల అనుమతి ద్వారా వెళ్లే దారి అదే చట్టంలో ఉంది.

పంది మొత్తంగా విలనేం కాదు. అడవిలో నేలను తవ్వి తిరగేస్తుంది, తిన్న పండ్ల గింజలను దూరం మోస్తుంది. పెద్దపులికి అది ఇష్టమైన ఆహారం. మన గుట్టల్లో పులి కాపురం లేదు కాబట్టి దాని సంఖ్యకు అడ్డుకట్ట తక్కువ. మరోవైపు అడవికీ ఒత్తిడి పెరుగుతోంది. పూడూరు మండలం దామగుండం అడవిలో 2,900 ఎకరాల్లో, జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశానికి దాని అవసరం దానికి ఉండొచ్చు. కానీ అడవి అంచు కదిలిన ప్రతిసారీ, అందులోని జంతువు కూడా కొత్త చోటు వెతుక్కుంటుందని లెక్కలో రాసుకోవాలి.

మీ ఇంట్లో వ్యవసాయం చేసేవాళ్లుంటే ఈ వానాకాలం ఒక్క పని చెయ్యండి. చేను చుట్టూ తీగ కట్టే ఆలోచన ఉందేమో అడగండి. ఉంటే కూర్చోబెట్టి ఆముదం, కుసుమ ముచ్చట చెప్పండి. గింజలు దొరక్కపోతే దగ్గర్లోని వ్యవసాయాధికారిని అడగమనండి. ఒక పంటకాలం నష్టాన్ని మళ్లీ పూడ్చుకోవచ్చు. తీగకు తగిలిన మనిషిని మాత్రం తెచ్చుకోలేం.