బరువు తగ్గింపు పోటీలు ఇంటిల్లిపాదియు చూడదగినవేనా?

బరువు తగ్గినవారికి బహుమతి నిచ్చెడి టెలివిజన్ పోటీలను గూర్చి మన విద్యార్థుల తలిదండ్రులు కొందరు నన్నడిగియున్నారు. అందు అసభ్యమైన మాట లేదు, కత్తిపోట్లు లేవు, ఆరోగ్యమును గూర్చినదే గదా, పిల్లలు చూచిన నేమి యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అయినను ఆ పోటీ యెట్లు నడచునో, దానిని చూచిన పిల్లవాని మనస్సున నేమి నిలుచునో విచారించిన పిమ్మట జవాబు చెప్పుట మంచిది.

ఇట్టి పోటీలలో మిక్కిలి పేరుగన్నది అమెరికా దేశపు ‘ది బిగ్గెస్ట్ లూజర్’. అది 2004 అక్టోబరులో ఎన్.బి.సి. ఛానెల్‌లో ప్రారంభమై 2016 వరకు అక్కడనే నడచినది. 2020లో మరియొక ఛానెల్ ఇంకొక విడత ప్రసారము చేసెను. ఆంగ్లమున ‘లూజర్’ అనగా పోగొట్టుకొనువాడనియు, ఓడినవాడనియు రెండర్థములు గలవు. పేరులోనే ఎగతాళి యిమిడియున్నది. మన దేశమున 2007లో సహారా వన్ ఛానెల్ వారు సునీల్ శెట్టి నిర్వాహకుడుగా ‘బిగ్గెస్ట్ లూజర్ జీతేగా’ యను పేర హిందీలో దీనిని నడపిరి. ఆ ప్రసారములు ముగిసినను వాని తునకలు మొబైల్ ఫోనులలో దొరకుచునే యున్నవి. మన సోలాపూరు పిల్లలకు తెలుగు, మరాఠీ, హిందీ మూడును అర్థమగును గనుక వారికి అందని దేదియు లేదు.

పోటీ నడచు విధమిది. మిక్కిలి స్థూలకాయులైన కొందరిని ఇండ్లకును ఉద్యోగములకును దూరముగా ఒకచోట నుంచుదురు. ప్రతిదినము గంటలకొలది వ్యాయామము. ఆహారము మాత్రము మిక్కిలి స్వల్పము. శిక్షకులు వారి మీద పడి కేకలు వేయుచుందురు. తూకపు దినమున అందరి యెదుట పెద్ద తూనిక యంత్రము నెక్కి నిలువవలెను. తమ శరీరపు బరువులో తక్కువ వంతు తగ్గినవారికి ముప్పు. వారిలో నొకరిని తోటివారే ఓటు వేసి యింటికి పంపుదురు. తుదకు గెలిచినవానికి 2,50,000 డాలర్లు. అప్పుడప్పుడు మిఠాయిలను బల్లపై పరచి, ఎక్కువ తిన్నవారికి పోటీలో నేదో యొక లాభము చూపి వారి నిగ్రహమును పరీక్షించుటయు కలదు. ఆకలితో నున్నవాని ముందు విస్తరి వేసి వేడుక చూచుట మన యిండ్లలో మర్యాద కాదు.

ఇక తెరమీద కానరాని సంగతి. ఆహారము హఠాత్తుగా తగ్గించినపుడు మొదటి వారమున పోవు బరువులో చాలభాగము నీరే. మన కండరములందును కాలేయమునందును దాగియున్న పిండిపదార్థపు నిలువ కరుగగా, దానిని అంటియున్న నీరును వెడలిపోవును. చూచువారు మాత్రము కొవ్వంతయు కరగినదని చప్పట్లు కొట్టుదురు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో అప్పుడు పరిశోధకుడుగా నుండిన కెవిన్ హాల్, ఆయన సహచరులు 2016లో నొక అధ్యయనమును ప్రకటించిరి. ఎనిమిదవ విడత పోటీదారులలో పదునలుగురిని ఆరేండ్ల పిమ్మట పరీక్షించిరి. ముప్పది వారములలో వారు సగటున 58 కిలోలు తగ్గియుండిరి. ఆరేండ్లలో అందు 41 కిలోలు తిరిగి వచ్చినవి. ఒక్కరు తప్ప తక్కిన వారందరును మరల బరువెక్కిరి. అంతకంటె వింత యేమనగా, ఊరక కూర్చున్నప్పుడు శరీరము ఖర్చుచేయు శక్తి ఆ యెత్తు బరువులు గల మనుష్యునికి ఉండవలసిన దానికంటె దినమునకు సుమారు 500 కెలోరీలు తక్కువగా నుండెను. 500 కెలోరీలనగా మధ్యరకపు జొన్నరొట్టెలు మూడని తలపవచ్చును. అంతమేర తక్కువ తిన్నగాని వారి బరువు నిలువదు. కడుపు నిండినదని మెదడునకు తెలుపు లెప్టిన్ అను పదార్థము కూడ వారి రక్తమున మునుపటికంటె తక్కువగానే యుండెను. కరవు వచ్చినదని యెంచి శరీరము పొదుపు చేయసాగినదన్నమాట. ఆ విడత విజేత డానీ కాహిల్ 195 కిలోల నుండి 87 కిలోలకు దిగి, తరువాత 45 కిలోలకు పైగా తిరిగి పెరిగెను. ఇంతటి కష్టము పడినవానిని సోమరి యనగలమా?

పిల్లలు నేర్చుకొనుచున్నది సరిగా ఆ మాటనే. లావుగా నున్నవాడు సోమరి, తిండిపోతు. గట్టిగా మందలించిన చక్కబడును. అమెరికాలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయమువారు 2012లో ప్రకటించిన పరీక్షలో, ఈ కార్యక్రమమును ఒక్కసారి చూచినవారిలో, ముఖ్యముగా తాము సన్నగా నుండి బరువు తగ్గు ప్రయత్నమేదియు చేయనివారిలో, స్థూలకాయులపై అయిష్టము హెచ్చినట్లు తేలినది. ఆ పరీక్షకు వచ్చినవారు కొద్దిమందియే. అయినను తరగతి గదిలో నేను చూచుచున్న దానికి అది దూరము కాదు. మొన్న ఏడవ తరగతి బాలిక యొకతె వరుసగా నాలుగు దినములు టిఫిన్ డబ్బా విప్పలేదు. రొట్టెయు వేరుసెనగ పొడియు అట్లే యింటికి పోవుచుండెను. తోటి పిల్లలు ఆమెకు ‘లూజర్’ అని పేరు పెట్టి, మధ్యాహ్నవేళ ఎంత తగ్గితివని అడుగుచుండిరట. ఆ సంగతి మాకు చెప్పినది ఆమె కాదు, ఆమె అవ్వ. పండ్రెండేండ్ల ప్రాయమున ఆడపిల్లకు ఒళ్లు వచ్చుట ఎదుగుదలలో నొక భాగమని ఆ పిల్లలకు ఎవ్వరును చెప్పియుండలేదు.

ఈ ఎగతాళి పిల్లలతో ఆగదు. మన తల్లులలో ఎందరో ఉదయము మొదలు సాయంకాలము వరకు బీడీల చాట ముందు కూర్చుండువారు. తండ్రులు రాత్రిపాళీ మగ్గములపై నిలిచి, పగలు నిద్రించువారు. వారికి ఒళ్లు వచ్చినచో అది వారి వృత్తివలన వచ్చినది గాని గుణదోషమువలన గాదు. పోటీ చూచిన బిడ్డ తన తల్లినే ఆ కంటితో చూచుట నాకు భయము గొలుపుచున్నది.

కార్యక్రమమున మంచి లేదని నేననను. చూచి నడక మొదలుపెట్టినవారు గలరు, తినుట యెట్లో నేర్చినవారును గలరు. కాని 2013 నాటి విడతలో 13 మొదలు 16 ఏండ్ల వయస్సు గల ముగ్గురిని చేర్చుకొనిరి. వారిని ఓటు వేసి పంపివేయలేదనుట కొంత నయము. 2014 ఫిబ్రవరిలో గెలిచిన యువతి 118 కిలోల నుండి 48 కిలోలకు చిక్కి వేదిక మీదికి రాగా శిక్షకులే నివ్వెరపోయిరి. ఆ దృశ్యమును పదేండ్ల పిల్ల చూచి, విజయమనగా నిదియే యనుకొనిన తప్పెవరిది?

కావున నా అభిప్రాయము స్పష్టముగా చెప్పుదును. ప్రాథమిక తరగతుల పిల్లలకు ఇవి వద్దు. పెద్ద తరగతులవారు చూచినచో పెద్దలు ప్రక్కన కూర్చుండి, తూకపు ఘట్టము వచ్చినపుడు పైన చెప్పిన నీటి సంగతి, ఆరేండ్ల సంగతి చెప్పవలెను. రాత్రి భోజనవేళ మాత్రము ఎవ్వరికిని వద్దు. అమెరికా శిశువైద్యుల సంఘమువారు 2016లో నిచ్చిన సలహా కూడ ఇట్టిదే: పిల్లలను పస్తుంచరాదు, వారి బరువును గూర్చి మాటలాడరాదు, వేళాకోళము చేయరాదు, ఇంటివారందరు కలిసి భుజింపవలెను. ఎత్తు పెరుగుచున్న పిల్లలలో చాలమందికి ఉన్న బరువు నిలిచిన చాలును. అదియు వైద్యుని విచారించియే.

వచ్చే జూలైలో మన పాఠశాలలో ఎత్తు, బరువు చూచుట జరుగును. ఒక్కొక్కరిని విడిగా గదిలోనికి పిలిచి చూచెదము. అంకెను పైకి చదువము. కార్డులు తలిదండ్రుల చేతికే యిచ్చెదము గనుక శనివారము మధ్యాహ్నము వచ్చి తీసికొనిపోగోరుచున్నాను.