కారు కొనేముందు... నాయనమ్మను ఎక్కించండి!

పండక్కి ఊరెళ్లాలి, వేసవిలో తిరుపతి వెళ్లాలి. కొత్త కారు కొనే స్తోమత ఇప్పట్లో లేదు. సెకండ్‌హ్యాండ్‌ కారైతే సరిపోతుంది కదా! సరిపోతుంది... కాకపోతే మెరిసే రంగు, తక్కువ ధర చూసి తొందరపడకూడదు.

భోగికి రెండు రోజుల ముందు. తెల్లవారుజామున నాలుగింటికే పిల్లల్ని లేపి, డిక్కీలో సంచులు కుక్కి, హైదరాబాద్‌ నుంచి బయల్దేరిందో కుటుంబం. నెల క్రితం కొన్న సెకండ్‌హ్యాండ్‌ కారు. తళతళలాడే రంగు, పెద్ద టచ్‌స్క్రీన్‌, పైన సన్‌రూఫ్‌... చూసినవాళ్లంతా ‘భలే బేరం’ అన్నారు. పంతంగి టోల్‌గేటు దాటేసరికి వెనక మధ్యలో కూర్చున్న పిల్లాడు గొడవ మొదలెట్టాడు. సూర్యాపేట వచ్చేసరికి నాయనమ్మ మాట్లాడటం మానేసింది. టిఫిన్‌కి ఆగితే ఆవిణ్ని దించడానికి ఇద్దరు చెయ్యందించాల్సి వచ్చింది. విజయవాడలో ఒకే ఒక్క మాట అంది... ‘వచ్చేటప్పుడు నన్ను రైలెక్కించెయ్‌ నాయనా!’

ఇంజిన్లో లోపం లేదు. కాగితాలూ సరిగ్గానే ఉన్నాయి. కొనేముందు కొడుకు కారుని చూశాడు, నడిపాడు, మెకానిక్‌కీ చూపించాడు. వెనక సీట్లో మాత్రం ఎవరూ కూర్చుని చూడలేదు!

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. కారు కొనేది నడిపేవాళ్లు, ప్రయాణమంతా భరించేది వెనక కూర్చునేవాళ్లు. వీధి చివరిదాకా వెళ్లొస్తే తెలియని ఇబ్బంది రెండొందల కిలోమీటర్ల తరవాత నడుంనొప్పిగా తెలుస్తుంది.

ఎంతమంది? ఏం సామాను?

ముందు ఓ కాగితం తీసుకుని మూడు విషయాలు రాసుకోండి. దూరప్రయాణాల్లో ఎంతమంది ఉంటారు? వాళ్లలో పెద్దవాళ్లెవరు, చిన్నపిల్లలెవరు? సామాను ఎంత? ఏడు సీట్లున్నాయి కదా అని సంబరపడిపోతే చిక్కే. ఎర్టిగానే తీసుకోండి. ఏడుగురూ కూర్చుంటే డిక్కీలో మిగిలేది 209 లీటర్ల చోటు. రెండు మూడు సంచులతో నిండిపోతుంది. ఊరి నుంచి వచ్చేటప్పటి బియ్యం మూట, పచ్చడి జాడీలు, అరిసెల డబ్బాల సంగతేంటి? అదే సియాజ్‌ లాంటి సెడాన్‌లో 510 లీటర్ల డిక్కీ ఉంటుంది. కానీ సుఖంగా కూర్చోగలిగేది నలుగురు, సర్దుకుంటే అయిదుగురు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే సీటు ఎత్తు చూడాలి. సెడాన్లలో సీటు కిందికి ఉంటుంది. కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. మరీ ఎత్తుగా ఉండే ఎస్‌యూవీల్లో ఎక్కడం కష్టం. పక్కన నిలబడినప్పుడు సీటు దాదాపు తుంటి ఎత్తులో ఉంటే వంగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. అలా జరిగి కూర్చోవచ్చు. దూరప్రయాణాలకు ఇన్నోవా క్రిస్టాను చాలామంది ఇష్టపడేది ఇందుకే. విడివిడి సీట్లున్న రకమైతే మధ్య వరసలో చేతులు ఆనించుకోవడానికీ వీలుంటుంది. పైకప్పు నుంచి చల్లటిగాలి వస్తుంది. అయితే పాతదానికీ ధర ఎక్కువే పలుకుతుంది.

గంటసేపు కూర్చోండి

టెస్ట్‌డ్రైవ్‌ అంటే కాలనీ చుట్టూ ఓ రౌండు కాదు. అమ్మేవాళ్లని అడిగి కనీసం గంటసేపు తీసుకెళ్లండి. హైదరాబాద్‌వాళ్లకి 158 కిలోమీటర్ల ఔటర్‌ రింగురోడ్డు ఉండనే ఉంది. మిగతా ఊళ్లవాళ్లు దగ్గర్లోని హైవే ఎక్కొచ్చు. ఇంటిల్లిపాదీ ఎక్కాలి. మిట్టమధ్యాహ్నమైతే మరీ మంచిది, ఏసీ సంగతి తేలిపోతుంది.

వెనక కూర్చున్నవాళ్లు గమనించాల్సినవి కొన్నున్నాయి. తొడలు చివరిదాకా సీటుకి ఆనుతున్నాయా? మోకాళ్లు పైకి లేచి ఉంటే బరువంతా నడుంమీదే పడుతుంది. మధ్యలో కూర్చున్నవాళ్లకి కాళ్లు పెట్టుకునే చోటుందా, లేక నేలమీద దిమ్మె అడ్డొస్తోందా? చల్లటిగాలి వెనకదాకా వస్తోందా? ఎనభై, తొంభై వేగంలో ముందువాళ్లు మామూలు గొంతుతో మాట్లాడితే వెనక వినిపించాలి. అరవాల్సి వస్తే టైర్ల శబ్దం, గాలిహోరు ఎక్కువని అర్థం. నాలుగైదు గంటలు ఆ హోరులో కూర్చుంటే తలనొప్పి ఖాయం.

గతుకులమీద, స్పీడ్‌బ్రేకర్లమీద కూడా వెళ్లి చూడండి. చూడ్డానికి అందంగా ఉండే పెద్ద అల్లాయ్‌ వీల్స్‌, పల్చటి టైర్లు ప్రతి గుంతనీ నడుంకి చేరవేస్తాయి. మూడో వరస సీటు వెనక చక్రాల దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కడ కుదుపు ఇంకాస్త ఎక్కువ. ప్రయాణంలో వాంతులయ్యే పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టకపోవడమే మేలు.

నడిపేవాళ్లూ ఓ కన్నేసి ఉంచాలి. తిన్నటి రోడ్డుమీద స్టీరింగ్‌ పట్టు కాస్త వదులుచేస్తే కారు ఓ పక్కకి లాగుతోందా? బ్రేకేస్తే స్టీరింగ్‌ వణుకుతోందా? గతుకుల్లో కింద నుంచి టకటకమని చప్పుడొస్తోందా? ఇవన్నీ ఖర్చుకి సూచనలే.

పెట్రోలా... డీజిలా?

హైవే అంటే డీజిలే అనుకుంటాం. ఏటా నాలుగైదుసార్లు ఊరెళ్లి, మిగతా రోజుల్లో బడికీ బజారుకీ తిప్పేవాళ్లకి పెట్రోలే నయం. 2020 ఏప్రిల్‌ నుంచి వచ్చిన బీఎస్‌6 డీజిల్‌ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ ఉంటుంది. బండి కాసేపు వేగంగా వెళ్తే ఆ మసి కాలిపోతుంది. ఎప్పుడూ దగ్గరదగ్గర దూరాలే తిప్పితే ఫిల్టర్‌ మూసుకుపోతుంది. మార్చాలంటే ఖర్చు బాగా అవుతుంది. నెలకి రెండుమూడుసార్లు వందల కిలోమీటర్లు వెళ్లేవాళ్లకైతే డీజిల్‌ గిట్టుబాటే.

పెట్రోలు విషయంలో ఇంకోటి... బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు. దానికి తగ్గట్టుగా కార్లు తయారవుతోంది 2023 ఏప్రిల్‌ నుంచి. అంతకుముందువైతే కొన్ని రబ్బరు పైపులు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చు. సర్వీస్‌ సెంటర్లో అడిగి తెలుసుకోండి.

తయారీ ఆగిపోయిన కంపెనీల కార్లు చవగ్గా దొరుకుతాయి. షెవ్రోలే అమ్మకాలు 2017తో మనదేశంలో ఆగిపోయాయి. ఫోర్డ్‌ 2021లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నడపడానికి బాగుండొచ్చు. కానీ రాత్రిపూట కోదాడ దాటాక బండి ఆగిపోతే విడిభాగం దొరుకుతుందా అన్నది ఆలోచించుకోవాలి.

వేగంతోపాటే భద్రత

హైవేమీద బేరం చెయ్యకూడనిది ఇదొక్కటే. కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్‌ 2019 ఏప్రిల్‌ నుంచి, డ్రైవర్‌ ఎయిర్‌బ్యాగ్‌ అదే ఏడాది జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు తయారైన చవక రకాల్లో చాలావాటికి అవి లేవు. కాబట్టి మోడల్‌ పేరొక్కటే కాదు, అది ఏ వేరియంట్‌, ఏ నెలలో తయారైందీ చూడండి. వెనక సీటుబెల్టులన్నీ లాగి చూడండి. బెల్టు లేని సీటు హైవేమీద సీటే కాదు.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. గాట్లు బాగానే కనిపిస్తున్నా ఆరేళ్లు దాటిన టైర్లతో మే నెల ఎండలో దూరం వెళ్లొద్దు. నాలుగు టైర్లు మార్చే ఖర్చుని బేరంలోనే తగ్గించుకోండి.

మీటర్‌ చెప్పే అబద్ధం

ఎనిమిదేళ్ల కారు... మీటర్‌మీద ముప్ఫైవేలు! అనుమానించాల్సిందే. బ్రేక్‌ పెడల్‌మీది రబ్బరు అరిగిపోయి, స్టీరింగ్‌ నున్నబడి, డ్రైవర్‌ సీటు అంచు కుంగి ఉంటే మీటర్‌ తిప్పారనుకోవచ్చు. కంపెనీ సర్వీస్‌ సెంటర్లో రికార్డు తీయించమని యజమానిని అడగండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందులో ఉంటుంది. ఏడు సీట్ల కార్లయితే ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగి తెల్లబోర్డుకి మారిందేమో కూడా ఆర్‌సీలో చూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త... వరదలో మునిగిన కార్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. కడిగేసి, అత్తరు కొట్టి అమ్మకానికి పెడితే పైకి ఏమీ తెలియదు. సీటుబెల్టుని చివరిదాకా లాగండి. బురద చార ఉంటే అక్కడ కనిపిస్తుంది. కార్పెట్‌ ఎత్తి చూడండి, సీటు కింది పట్టాలకి తుప్పుందేమో గమనించండి. ముక్కవాసన వస్తే ఎంత చవకైనా వెనక్కి వచ్చెయ్యండి.

కాగితాలు... ఇలా!

* ఆర్‌సీ వివరాలు, ఇన్సూరెన్స్‌ గడువు ఎంపరివాహన్‌ యాప్‌లో సరిచూసుకోండి. పాత చలాన్లు కట్టించాకే డబ్బు ఇవ్వండి.

* బండిమీద ఫైనాన్స్‌ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 తప్పనిసరి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు కావాలి.

* రాష్ట్రం మారితే ఫారం 28తో ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్‌ట్యాక్స్‌ కట్టాలి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చిందనుకునే కారు ఆ ట్యాక్స్‌తో కలిపితే చవకో కాదో ముందే లెక్కేసుకోండి. ఏపీ బండిని తెలంగాణలో కొన్నా ఇదే లెక్క.

* ఇన్సూరెన్స్‌ మీ పేరుకి పద్నాలుగు రోజుల్లోపు మార్పించుకోండి. పాత యజమాని నోక్లెయిమ్‌ బోనస్‌ మీకు రాదు.

* పాత ఫాస్టాగ్‌ తీసేయించి మీ పేరుమీద కొత్తది తీసుకోండి.

* బడ్జెట్‌లో పదోవంతు పక్కన పెట్టుకోండి. టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్‌ బుష్‌లు... మొదటి మూడు నెలల్లో ఏదో ఒకటి అడుగుతుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా వెంటనే అడ్వాన్స్‌ ఇచ్చెయ్యకండి. గంట ప్రయాణం చేసొచ్చి, ఇంటిముందు కారాపి, వెనక్కి తిరిగి ‘ఎలా ఉంది నాయనమ్మా?’ అని అడగండి. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, ‘ఊరెప్పుడెళ్దాం?’ అందనుకోండి... అదే మీ కారు!