కాన్పుకు ముందు ఒక చిన్న పరీక్ష

గ్రూప్ బి స్ట్రెప్ అనే సూక్ష్మక్రిమి కొందరు స్త్రీల జననమార్గంలో ఏ బాధా కలిగించకుండా ఉంటుంది. కాన్పు సమయంలో బిడ్డకు సోకితే మాత్రం న్యుమోనియా, రక్తంలో ఇన్ఫెక్షన్ రావచ్చు.

అమెరికాలో గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయాలని 2002లో సిఫారసు చేశారు. ఇప్పుడు అక్కడ 36, 37 వారాల్లో చేస్తున్నారు. మన దేశంలో అందరికీ చేయరు కనుక మీ డాక్టరమ్మను అడగండి. దూదిపుల్లతో నమూనా తీస్తారు, అంతే.

క్రిమి ఉందని తేలితే సిగ్గుపడవద్దు, ఇది అశుభ్రత వల్ల వచ్చేది కాదు. ముందుగా మాత్రలు మింగినా క్రిమి మళ్లీ చేరుతుంది. నొప్పులు మొదలయ్యాక పెన్సిలిన్ నరానికి ఎక్కించాలి. కాన్పుకు కనీసం 4 గంటల ముందు మొదలుపెడితే బిడ్డకు మంచి రక్షణ.

అందుకే మేము చెప్పేది ఒక్కటే: నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా ఇంట్లో ఆగకండి. రిపోర్టుతో వెంటనే రండి. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి.