మన నోటుబుక్కులో వెదురు ఉంది

మనం రోజూ రాసే కాగితం ఎలా తయారవుతుందో మనలో చాలామందికి తెలియదు. హాస్టల్లో ఇస్తారు, రాస్తాం, అంతే. మా అయ్య పెళ్ళి కాకముందు కూపుల్లో వెదురు నరికేవాడు. ఆ వెదురు లారీల మీద రాజమండ్రి కాగితం మిల్లుకు వెళ్ళేది. ఆ మిల్లు 1924 నాటిది. మా అయ్యకు చదువు రాదు. తను నరికింది కాగితం అవుతుందని తెలుసు గానీ ఎలా అవుతుందో తెలియదంట. అందుకని సైన్సు మేడం గారిని అడిగి, పుస్తకాలు చూసి ఇది రాస్తున్నాను.

వెదురులో సన్నటి పీచు ఉంటుంది. ఆ పీచును కలిపి పట్టుకునే జిగురు పేరు లిగ్నిన్. మిల్లులో వెదురునీ కర్రనీ ముక్కలు చేసి, పెద్ద ప్రెషర్ కుక్కరు లాంటి దాంట్లో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు వేసి ఉడికిస్తారు. జిగురు కరిగి నల్లనీళ్ళుగా దిగిపోతుంది. మిగిలిన పీచును కడిగి, తెల్లబరిచి, జల్లెడ మీద పలచగా పరిచి, ఒత్తి ఆరబెడితే కాగితం.

ఆ నల్లనీళ్ళు వాగులో కలిస్తే చేపలు చచ్చిపోతాయి. అందుకే పెద్ద మిల్లుల్లో వాటిని చిక్కబరిచి బాయిలర్లో మండిస్తారు. ఆవిరి వస్తుంది, వేసిన మందులు చాలావరకు తిరిగి దొరుకుతాయి. తెల్లబరచడానికి వెనక క్లోరిన్ వాయువు వాడేవాళ్ళు. దానివల్ల డయాక్సిన్ అనే విషం పుడుతుంది. భద్రాచలం దగ్గర సారపాక మిల్లు 2002లో ఆ వాయువు మానేసి క్లోరిన్ డయాక్సైడు వాడింది. మన దేశంలో అదే మొదటిది.

మిల్లులు తమ కర్రను రైతుల చేత పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. కింద మైదానంలో కనిపించే సుబాబుల్, సరుగుడు, జామాయిల్ తోటలు చాలావరకు మిల్లుల కోసమే. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును కూడా చిన్న తరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. ఏరుకుని అమ్ముకునే హక్కు మనవాళ్ళకు ఉంది. వెదురంటే మనకు తట్ట, చాట, దడి, వానాకాలంలో కొమ్ముల కూర. ఒక్క బొంగు మిగిలినా నాకు లెక్కే.

రాసేసిన కాగితం నుండి మళ్ళీ కాగితం చేయవచ్చు. మన దేశంలో తయారయ్యే కాగితం, అట్టల్లో సగానికి పైగా ఇప్పుడు పాత కాగితం నుండే. పాత కాగితాన్ని గ్రైండరు లాంటి పెద్ద తొట్టిలో నీళ్ళు పోసి నలగ్గొడతారు. జల్లెడ పడితే పిన్నులు, దారాలు పోతాయి. సబ్బు లాంటిది కలిపి గాలి బుడగలు పంపితే సిరా వాటికి అంటుకుని నురగతో పైకి తేలుతుంది. నురగ తీసేస్తారు. చూడాలనిపించింది నాకైతే.

కానీ ఇది ఎన్నిసార్లయినా జరగదు. ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది. అయిదు నుండి ఏడు సార్లు, అంతే. పాత చీర బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది, ఆ తర్వాత ఏమీ కాదు. ఇదీ అలాగే. కూర నూనె అంటినది, ప్లాస్టిక్ పూత ఉన్న టీ కప్పు అయితే ఒక్కసారికి కూడా కష్టం. కాబట్టి మళ్ళీ కాగితం చేయడం కన్నా రెండు వైపులా నిండా రాయడమే ముందు.

మన హాస్టల్లో ఏం జరుగుతోంది? ఏడాది చివర పాత నోటుబుక్కులు వెనక గుంటలో వంటగది చెత్తతో కలిపి కాల్చేస్తున్నారు. ఆ పొగ చిన్నపిల్లల డార్మిటరీలోకి వస్తుంది. పోయిన ఏడాది మా క్లాసు అమ్మాయిలం గుంటలో పడకముందే ఖాళీ పేజీలు తీసి దబ్బనంతో కుట్టాం. తొమ్మిది రఫ్ పుస్తకాలు వచ్చాయి. మూడో తరగతి చెల్లెళ్ళకు ఇచ్చాం. "గవర్నమెంటు పుస్తకాలే గదా, మళ్ళీ ఇస్తారు" అని కొందరు అక్కలు నవ్వారు. ఇస్తారు, నిజమే. ఎక్కడి నుండి తెచ్చి ఇస్తారో పైన రాశాను.

పాత పేపర్లు కొనేవాళ్ళు సంతరోజు వస్తారు. తడిసిన కాగితం తీసుకోరు. అందుకని ప్రతి డార్మిటరీకి ఒక ఖాళీ బియ్యం గోనె, వాన తగలని చోటు కావాలని వార్డెన్ మేడం గారిని అడిగాం. గోనెలు ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఇస్తామన్నారు. స్టోర్ రూము మెట్ల కింద చోటు చూసుకోమన్నారు. అక్కడ ఇప్పుడు విరిగిన బెంచీలు ఉన్నాయి, ఆదివారం జరపాలి. ఎవరైనా రావచ్చు.