4.6 ఆదేశాల అన్వేషణ మార్గం – భద్రత

మీరు సి భాషలో ఒక ప్రోగ్రాం రాసి కంపైల్ చేశారనుకుందాం. 'ఎ.అవుట్' అనే ఫైలు తయారవుతుంది. అదే డైరెక్టరీలో ఉండి ఆ పేరు టైప్ చేస్తే, ఆదేశం దొరకలేదని షెల్ చెబుతుంది. ఎదురుగా ఉన్న ఫైలు షెల్‌కు ఎందుకు దొరకలేదు? ఇది లోపం కాదు. కావాలని చేసిన ఏర్పాటు.

ఆదేశం పేరులో '/' గుర్తు లేకపోతే, అది షెల్ అంతర్గత ఆదేశం కాకపోతే, షెల్ 'పాత్' అనే చలరాశిని చూస్తుంది. అందులో డైరెక్టరీల పేర్లు కోలన్ (:) గుర్తుతో వేరుచేసి ఉంటాయి. షెల్ వాటిని ఎడమ నుంచి కుడికి వెదికి, మొదట దొరికిన ఫైలునే అమలు చేస్తుంది. సాధారణంగా ఈ జాబితాలో '/బిన్', '/యూఎస్ఆర్/బిన్' వంటివి ఉంటాయి. వాటిలో ఫైళ్లను మార్చే అనుమతి రూట్‌కే ఉంటుంది. ప్రస్తుత డైరెక్టరీని సూచించే చుక్క (.) మాత్రం ఉండదు.

చుక్కను చేర్చితే ఏమవుతుంది?

'/టీఎంపీ' డైరెక్టరీలో ఎవరైనా ఫైలు సృష్టించవచ్చు. ఒక వినియోగదారుడు అక్కడ 'ఎల్ఎస్' పేరుతో హానికరమైన స్క్రిప్టు ఉంచాడనుకోండి. రూట్ పాత్‌లో చుక్క మొదట ఉంటే, రూట్ ఆ డైరెక్టరీలోకి వెళ్లి 'ఎల్ఎస్' అనగానే ఆ స్క్రిప్టు రూట్ అధికారాలతో నడుస్తుంది. చివరలో అది అసలు 'ఎల్ఎస్'ను కూడా పిలిస్తే అనుమానమే రాదు.

చుక్కను చివర పెడితే సరిపోతుందా? సరిపోదు. 'ఎల్ఎస్'కు బదులు పొరపాటున 'ఎస్ఎల్' అని టైప్ చేసేవారి కోసం ఆ పేరుతోనే ఉచ్చు పన్నవచ్చు.

గమనిక: పాత్ మొదట్లోగాని చివరగాని కోలన్ ఉన్నా, రెండు కోలన్లు పక్కపక్కన ఉన్నా, ఆ ఖాళీని కూడా షెల్ ప్రస్తుత డైరెక్టరీగానే తీసుకుంటుంది. విలువ లేని చలరాశిని పాత్‌కు జోడించినప్పుడు ఈ ఖాళీ మీకు తెలియకుండానే ఏర్పడుతుంది.

పాటించవలసినవి

1. మీ ప్రోగ్రాంను './ఎ.అవుట్' అని పిలవండి. పేరులో '/' ఉంది కనుక షెల్ పాత్‌లో వెదకదు.
2. తరచు వాడే సొంత ప్రోగ్రాంలను మీ హోం డైరెక్టరీలో 'బిన్' అనే ఉపడైరెక్టరీలో ఉంచి, దాని పూర్తి మార్గాన్ని పాత్‌కు చేర్చండి. అందులో రాసే అనుమతి ఇతరులకు ఇవ్వకండి.
3. సుడో అమరికల ఫైలులో 'సెక్యూర్ పాత్' ఉంటే తొలగించకండి. సుడోతో ఇచ్చిన ఆదేశాన్ని మీ పాత్‌లో కాక ఆ జాబితాలోనే వెదకడం జరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పాత్ విలువ '/యూఎస్ఆర్/బిన్::/బిన్' అయితే షెల్ ఏయే డైరెక్టరీలను ఏ క్రమంలో వెదుకుతుంది? ఇందులో ఉన్న ప్రమాదం ఏమిటి?